ఫ్రెంచ్ సైనిక భోజనం పెట్టె: ఇంట్లో రుచి పరీక్ష, ప్రాజెక్టు డైరీ

ఫ్రెంచ్ సైన్యం తన జవానుకి ఒక రోజుకని ఇచ్చే భోజనం పెట్టెను ఆర్‌సీఐఆర్ అంటారు. ఒక మనిషికి 24 గంటలకు సరిపోయేలా, వేడి చేసుకుని తినేలా సర్దుతారు. సుమారు 3,200 కిలోకాలరీలు. మొత్తం 14 మెనూలు, వాటిలో పంది మాంసం లేనివీ ఉంటాయి. సైనిక మిగులు సరుకు అమ్మే దుకాణాల్లో మామూలు జనానికీ దొరుకుతుంది.

దీన్ని ప్లేట్లో వేసుకుని, రెండు ముద్దలు తిని, మార్కులు వేసే వీడియోలు చాలా ఉన్నాయి. ఇంట్లో కొలిచి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, ఈ పెట్టె రుచి సగానికి పైగా, దాంతో వచ్చే చిన్న పొయ్యిలో కాల్చే 6 ఇంధన బిళ్ళల చేతిలో ఉంది. ఏ వంటకానికి ఎంత వేడి దక్కిందో రాయకుండా వేసిన మార్కుని నమ్మలేం. అందుకే ఈ డైరీలో రుచితో పాటు వేడి లెక్క కూడా రాశాను. మీరూ ఒక పెట్టె తెచ్చుకుంటే ఈ అంకెలతో పోల్చి చూసుకోండి.

ఉండేది దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. వాడిన పనిముట్లు: గ్రాము వరకు చూపే వంటింటి తూకం, సూది మొన ఉన్న థర్మామీటరు (12 యూరోలు), ఫోన్‌లో స్టాప్‌వాచ్, పొడవాటి స్పూను. నేను గొడ్డు మాంసం తినను, మిగతావి తింటాను. రెండో రుచి చూసే మనిషి మా ఆవిడ. ఇద్దరం మార్కులు వేరువేరు కాగితాల మీద రాసుకుని, తిన్నాకే చూపించుకున్నాం.

దశ 1: కొనడం, తనిఖీ

ఒక్కో పెట్టె 25 యూరోలు. రెండు తీసుకున్నాను. పెట్టె-ఒకటిలో బాతు మాంసం కసూలే (తెల్ల చిక్కుడు గింజలు, మాంసం కలిపి వండే కూర), క్రియోల్ (కరీబియన్ దీవుల) పద్ధతిలో వండిన పంది మాంసం, జింక మాంసం పాటే (మెత్తగా నూరిన మాంసం ముద్ద), చాక్లెట్ క్రీమ్. పెట్టె-రెండులో పంది మాంసం లేదు: కోడి తజీన్ (మొరాకో తరహా కూర), కూరగాయలతో సాల్మన్ చేప–అన్నం. పద్ధతులు పోల్చడానికి కసూలే ట్రేలు విడిగా 5 కొన్నాను, ఒక్కోటి 5 యూరోలు.

ఇప్పటిదాకా ఖర్చు: 50 + 25 + 12 = 87 యూరోలు.

వీటికి ముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టె అట్ట మీద తడిసి ఆరిన మరకలున్నాయి, లోపల బిస్కెట్ల కవరు మెత్తబడి ఉంది. వెనక్కి పంపేశాను. తడి తగిలిన పెట్టెలో రేకు డబ్బా అంచులు తుప్పు పడతాయి, ఆ తుప్పు సన్న రంధ్రం అయితే లోపలి సరుకు మీద నమ్మకం పోతుంది. అప్పటినుంచి దుకాణానికి వెళ్ళి చేత్తో పట్టుకుని చూసే కొంటున్నాను.

కొనేటప్పుడు చూసే వరస ఇది:

1. తేదీ. ఫ్రాన్స్‌లో ఆహారం మీద రెండు రకాల తేదీలుంటాయి. ఒకటి దాటితే తినకూడదు. ఇంకోటి దాటితే రుచి తగ్గవచ్చు. ఇలాంటి డబ్బా సరుకు మీద ఉండేది రెండోది. అయినా తేదీ దాటిన పెట్టె కొనకండి. ట్రేలు బాగానే ఉన్నా, బిస్కెట్లు, చాక్లెట్ ముందే చమురు వాసన కొడతాయి.
2. ఉబ్బు. ట్రే మూత గానీ డబ్బా అడుగు గానీ బయటికి ఉబ్బి ఉంటే తెరవకుండానే పారేయాలి. నాలుక చివరతో కూడా రుచి చూడకూడదు. గాలి తగలని డబ్బాలో పెరిగే బోటులిజం విషం మనిషి ప్రాణం తీస్తుంది.
3. అతుకుల మీద సొట్టలు, తుప్పు.
4. పదార్థాల జాబితా. ‘పోర్’ అని ఉంటే పంది, ‘బఫ్’ అంటే గొడ్డు మాంసం, ‘కనార్’ అంటే బాతు. మాంసాహారం వద్దనుకునేవాళ్ళు తీపి సరుకులో జెలటిన్ ఉందేమో కూడా చూసుకోవాలి.

ఇలా నెలల తరబడి నిలవుండే వంటకం అసలు ఫ్రాన్స్‌లోనే మొదలైంది. నికొలా అపేర్ అనే మిఠాయి వ్యాపారి ఆహారాన్ని గాజు సీసాల్లో నింపి, బిరడా బిగించి, సీసాలనే నీళ్ళలో మరిగించి నిలవ చేశాడు. 1810లో ప్రభుత్వం ఇచ్చిన 12,000 ఫ్రాంకులు తీసుకుని, బదులుగా తన పద్ధతిని అందరికీ తెలిసేలా పుస్తకంగా వేశాడు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు. అది లూయీ పాశ్చర్ పనితో తేలడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. ఇప్పుడు ట్రేలను మూసిన తర్వాత ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా వేడి చేస్తారు. అంటే మన చేతికొచ్చేసరికి వంటకం పూర్తిగా ఉడికే ఉంటుంది. మనం చేసేది కేవలం వెచ్చబెట్టడం. ఈ మాట గుర్తుంటే తర్వాతి దశలన్నీ సులువుగా అర్థమవుతాయి.

దశ 2: తూకం

పెట్టె-ఒకటి విప్పి ప్రతిదీ కవరుతో సహా తూచాను.

- ప్రధాన వంటకాల ట్రేలు 2 (లోపల 300 గ్రా. చొప్పున): 650 గ్రా.
- జింక పాటే డబ్బా: 100 గ్రా. (నడుస్తున్న మొత్తం 750)
- చాక్లెట్ క్రీమ్: 115 గ్రా. (865)
- చీజ్: 35 గ్రా. (900)
- తీపి, ఉప్పు బిస్కెట్లు: 170 గ్రా. (1,070)
- పొద్దుటికి ముయెస్లీ (ఓట్స్, ఎండు పండ్ల మిశ్రమం): 60 గ్రా. (1,130)
- చాక్లెట్, నూగా (గింజలు కలిపిన మిఠాయి), పండ్ల గుజ్జు బిళ్ళలు, కారమెల్: 150 గ్రా. (1,280)
- కాఫీ, టీ, చాక్లెట్ పొడి, సూప్ పొడి, చక్కెర: 120 గ్రా. (1,400)
- మడత పొయ్యి, 6 ఇంధన బిళ్ళలు, అగ్గిపుల్లలు, నీటి శుద్ధి బిళ్ళలు, కాగితం రుమాళ్ళు: 95 గ్రా. (1,495)
- అట్ట, సంచులు: 140 గ్రా. (1,635)

ఇందులో నీళ్ళు లేవు. సూప్, చాక్లెట్ పాలు, కాఫీ, టీ అన్నీ కలుపుకోవాలంటే ముప్పావు లీటరు కావాలి, తాగడానికి వేరే. బరువు లెక్క వేసేవాళ్ళు చాలామంది ఈ నీళ్ళను కలపడం మర్చిపోతారు.

ఇంధన బిళ్ళ ఒక్కోటి 4 గ్రా. అంటే రోజంతటికీ వేడి 24 గ్రాముల ఇంధనం నుంచే రావాలి. డైరీలో మిగతా భాగం దాదాపుగా ఈ 24 గ్రాముల చుట్టూనే తిరుగుతుంది.

దశ 3: మైక్రోవేవ్ (ఆపేసిన పద్ధతి)

ట్రే అల్యూమినియంది కాబట్టి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. కసూలేని పింగాణీ ప్లేట్లోకి తీసి, 800 వాట్ల మీద 2 నిమిషాలు వేడి చేశాను. మధ్యలో 72 డిగ్రీలు చూపించింది. అంకె బాగుంది. తిండి బాగాలేదు.

చిక్కుడు గింజల తొక్కలు పగిలిపోయాయి. బాతు కొవ్వు విడిపోయి ప్లేటు అంచున నూనెగా తేలింది. అంచు భాగం ఎండి అంటుకుపోయింది. సాసేజ్ ముక్క రబ్బరులా సాగింది. ఉప్పు ఎక్కువగా తగిలింది, ఎందుకంటే సాస్‌లో నీరు ఎగిరిపోయింది. వేడిచేశాక ప్లేటు తూచితే 18 గ్రా. తగ్గింది.

నా మార్కు 10కి 4, మా ఆవిడది 3. ఈ మార్కును ఈ పెట్టెకు వర్తింపజేయడం అన్యాయం. ఏ జవానూ దీన్ని ఇలా తినడు. మైక్రోవేవ్ అంకెలను తుది లెక్కలోంచి తీసేశాను.

దశ 4: పెట్టెలోని పొయ్యి, గాలి

ఈ పొయ్యిని ఇంట్లో వెలిగించకూడదు. మూసిన గదిలో ఘన ఇంధనం కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. పైగా 2015 నుంచి ఫ్రాన్స్‌లో ప్రతి ఇంట్లో పొగ అలారం ఉండాలని చట్టం, వెంటనే మోగుతుంది కూడా. బాల్కనీల్లో మంట వద్దని చాలా భవనాల నియమాలు చెబుతాయి. భవన నిర్వాహకుడిని అడిగి, కింద పెరట్లో సిమెంటు నేల మీద పెట్టుకున్నాను. పక్కన బకెట్టు నీళ్ళు.

పొయ్యి అంటే ఒక మడత రేకు. కాళ్ళు విప్పి నిలబెట్టి, మధ్యలో బిళ్ళ పెట్టి వెలిగించాలి. వాడిన వరస:

1. ట్రే మూతను మూడొంతులు తెరిచి మళ్ళీ వదులుగా కప్పాలి. మూసి ఉన్న ట్రేని గానీ డబ్బాని గానీ నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి చిమ్ముతుంది.
2. రెండు స్పూన్ల నీళ్ళు పోయాలి. (ఇది తర్వాత చేర్చిన మెట్టు, కారణం కింద ఉంది.)
3. బిళ్ళ వెలిగించి ట్రే పెట్టాలి.
4. ప్రతి నిమిషం అడుగు నుంచి కలపాలి.
5. మంట ఆరగానే రెండో బిళ్ళ.

గాలి లేని సాయంత్రం మొదటి కొలతలు:

- మొదలు: 19 డిగ్రీలు
- ఒక బిళ్ళ, 6 నిమిషాలు: 47
- రెండు బిళ్ళలు, 12 నిమిషాలు: 68

68 డిగ్రీల దగ్గర కసూలే నిజంగా బాగుంది. గింజలు గుండ్రంగా నిలిచాయి, సాస్ చిక్కగా పట్టుకుంది. అయితే అడుగున మంట తగిలిన చోట రూపాయి బిళ్ళంత మేర గింజలు మాడాయి. ఆ చేదు మొత్తం ట్రేకి పాకింది. పైన 35 డిగ్రీలు ఉన్నప్పుడు అడుగున 80 దాటుతోంది. పలచని అల్యూమినియం, చిన్న మంట, చిక్కని సాస్ కలిస్తే జరిగేది ఇదే. రెండు స్పూన్ల నీళ్ళు, నిమిషానికోసారి కలపడం చేర్చాక మాడు ఆగిపోయింది.

తర్వాత ఓతాన్ గాలి మొదలైంది. తులూజ్ వైపు ఆగ్నేయం నుంచి రోజుల తరబడి వీచే గాలి అది, ఇక్కడివాళ్ళు తలనొప్పికి కూడా దాన్నే తిట్టుకుంటారు. పెరట్లో అంత గట్టిగా లేకపోయినా, మంట పక్కకి పడుకుంది. ఒక బిళ్ళ పూర్తిగా కాలాక థర్మామీటరు 19 నుంచి 29కి మాత్రమే ఎక్కింది. వేడిలో మూడింట రెండొంతులు గాలికి పోయింది. రెండో బిళ్ళ వేయకుండా అక్కడే ఆపి తిని చూశాం. గోరువెచ్చగా తిన్న కసూలే చల్లారిన ముద్దపప్పులా బిగిసిపోయి ఉంది, కొవ్వు అంగిట్లో పేరుకుంది. నా మార్కు 3, మా ఆవిడ మార్కు 2. అదే వంటకం, అదే తయారీ. మార్పు అంతా గాలిలోనే.

మార్చింది: వంటింటి అల్యూమినియం రేకును మూడు మడతలు వేసి, 15 సెం.మీ. ఎత్తున పొయ్యి చుట్టూ గోడలా నిలబెట్టాను. కింద రెండు వేళ్ళ సందు వదలాలి. మొత్తం మూసేస్తే బిళ్ళకి గాలి అందక పొగ కమ్ముతూ మసి పడుతుంది. ఒకవైపు తెరిచి ఉంచి, ఆ తెరిచిన వైపు గాలికి వీపు పెట్టాలి.

అదే గాలిలో, రేకు గోడతో:

- ఒక బిళ్ళ: 44
- రెండు బిళ్ళలు: 65

12 గ్రాముల రేకు దాదాపు ఒక బిళ్ళ వేడిని కాపాడింది. ఈ ప్రాజెక్టులో నేను చేసిన మార్పులన్నిటిలోకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. కొనేవాళ్ళు ఇంకేమీ పాటించకపోయినా ఇది పాటించండి.

వాడిన బిళ్ళలు: 2 + 1 + 2 = 5. పెట్టె-రెండు బిళ్ళల్లో మిగిలింది 1. దాంతో 200 మి.లీ. కుళాయి నీళ్ళు వేడి చేస్తే రేకు గోడ మధ్య 11 నుంచి 54 డిగ్రీలకు వచ్చాయి. కాఫీకి చాలదు, చాక్లెట్ పొడి కరగడానికి సరిపోతుంది.

దశ 5: వేడినీళ్ళ గిన్నె

వంటకం సత్తా ఏంటో తెలియాలంటే వేడి సమంగా అందే పద్ధతి ఒకటి కావాలి. మూత తీయని ట్రేని గిన్నెలో నీళ్ళల్లో ముంచి, నీళ్ళు తెర్లకుండా సన్నని సెగ మీద ఇంటి పొయ్యిపై ఉంచాను. 12 నిమిషాలకు తీసి చూస్తే మధ్యలో, అంచున రెండు చోట్లా 70 డిగ్రీలే. బరువు ఒక్క గ్రాము తగ్గలేదు.

ఈ ట్రేతోనే కసూలే గురించి తీరుబడిగా రాసుకున్నాను. తెల్ల చిక్కుడు గింజలు మెత్తగా ఉడికి, తొక్క చెదరలేదు. బాతు ముక్క చిన్నదే కానీ ఎముక నుంచి ఊడే తీరులో ఉంది. వెల్లుల్లి వెనకాల తెలుస్తుంది. ఉప్పు ఒక మెట్టు ఎక్కువ. ఇక్కడి హోటళ్ళలో కసూలేని మట్టి పాత్రలో ఓవెన్‌లో పెట్టి పైన పెచ్చు కట్టేదాకా ఉంచుతారు. ఆ పెచ్చు రుచి ట్రేలో రాదు, రావాలని ఆశించడం కూడా సరికాదు. నా మార్కు 8, మా ఆవిడది 6. “గింజలకి ఎనిమిదేస్తాను, ఆ సాసేజ్‌కి మాత్రం మీరే వేసుకోండి” అంది.

ఇదే పద్ధతిలో పెట్టె-రెండు వంటకాలు:

తజీన్: కోడి మెత్తగా ఉంది, జీలకర్ర వాసన దూరంగా తగిలింది, మన నాలుకకి దగ్గరగా ఉన్న ట్రే ఇదే. నేను 7, మా ఆవిడ 8.

సాల్మన్ చేప–అన్నం: అన్నం గింజ నిలబడలేదు. 120 డిగ్రీల వేడి చూసిన అన్నం సాస్‌లో నెలలపాటు నాని ఉంటే జరిగేది అదే. చేప పొరలు మాత్రం విడివిడిగా ఉన్నాయి. నేను 5, మా ఆవిడ 4.

దశ 6: చిన్న సామాను

బిస్కెట్లు ఈ పెట్టెలో అందరూ తిట్టే వస్తువు. గట్టిగా ఉంటాయి, పొడి నాలుకకి అతుక్కుంటుంది. వీటిని బిస్కెట్లలా తినడం మానేసి, రొట్టె స్థానంలో వాడితే లెక్క మారింది. 60 డిగ్రీల సూప్‌లో ముంచి చూశాను: 15 సెకన్లకు మార్పు లేదు, 40కి అంచులు మెత్తబడ్డాయి, 70 దాటితే ముక్క విరిగి గిన్నెలో పడింది. 40 దగ్గర తీసేయాలి. చివర మిగిలిన పొడిని సూప్‌లో కలిపేస్తే అది చిక్కగా, నిజమైన భోజనంలా మారింది. పొడి సూప్ ఒక్కదానికీ నేను వేసింది 4, బిస్కెట్ పొడి కలిపినదానికి 7.

పెట్టె-రెండులోని పాటే ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు కొవ్వు గట్టిపడి రుచి తెలీలేదు. గది వేడికి గంట ఉంచాక మిరియాలు, మాంసం లోతు రెండూ తెలిశాయి. 4 నుంచి 8కి వెళ్ళింది. దీనికి ఇంధనం ఒక్క గ్రాము కూడా అక్కర్లేదు.

చాక్లెట్ క్రీమ్ చల్లగానే తినాలి, బాగుంటుంది, చెప్పడానికి ఇంకేమీ లేదు. పండ్ల గుజ్జు బిళ్ళలు చేతికి అంటుకోవు, నడిచేటప్పుడు మొదట అయిపోయేవి అవే.

కాఫీ పొడి 150 మి.లీ. నీళ్ళకి సరిపోతుంది. 200 పోస్తే నీరసంగా ఉంటుంది. ఇక నీటి శుద్ధి బిళ్ళ: నా పెట్టెలోది లీటరుకి ఒకటి, అరగంట ఆగాలి. కుళాయి నీళ్ళకి అవసరం లేదు కానీ కాఫీ మీద దాని ప్రభావం తెలుసుకోవాలనిపించింది. క్లోరిన్ వాసన కాఫీని చంపేసింది. చాక్లెట్ పొడిలో అదే నీళ్ళు పోస్తే వాసన దాదాపు తెలీలేదు. శుద్ధి చేసిన నీళ్ళు చాక్లెట్‌కి, సూప్‌కి. మామూలు నీళ్ళు దొరికితే కాఫీకి.

దశ 7: ఆవకాయ (మార్కులకు బయట)

బయటి సరుకు కలిపితే మార్కులు చెల్లవు. అందుకని మార్కులు వేసేశాక, మిగిలినవాటితో ఇది విడిగా చేశాం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, పావు స్పూను చొప్పున.

పాటేతో అద్భుతంగా కుదిరింది. ఆలోచిస్తే కారణం ఉంది. ఫ్రెంచివాళ్ళు పాటే పక్కన ఆవ ముద్ద, పుల్లటి చిన్న దోసకాయ ఊరగాయ పెట్టుకుంటారు. ఆవపిండి, పులుపు రెండూ ఆవకాయలో ముందే ఉన్నాయి, కారం అదనం. తజీన్‌తో పర్వాలేదు. కసూలేతో వద్దు. గింజల మెత్తని రుచి పూర్తిగా మునిగిపోయింది, వెల్లుల్లి మీద వెల్లుల్లి పడి బరువైపోయింది. మా ఆవిడ ఒప్పుకోలేదు, తన ప్లేటు ఖాళీ చేసింది.

దశ 8: కాలువ గట్టు మీద ఒక రోజు

కుర్చీలో కూర్చుని 3,200 కిలోకాలరీల భోజనం గురించి తీర్పు చెప్పడం నాకు సరిగ్గా అనిపించలేదు. అంత తిండి అవసరమయ్యే రోజు ఒకటి గడపాలి. విల్‌ఫ్రాంష్ ద లోరాగే స్టేషన్‌లో దిగి, కెనాల్ ద్యు మిదీ గట్టు వెంట కాస్తెల్నోదరి దాకా, దాదాపు 27 కి.మీ. నడిచాను. కసూలేకి పేరు మోసిన ఊరు కాస్తెల్నోదరి. ఫ్రెంచ్ విదేశీ దళంలో కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇచ్చే 4వ రెజిమెంట్ ఉన్నదీ ఆ ఊళ్ళోనే. ఈ పెట్టెని పరీక్షించడానికి ఇంతకన్నా తగిన దారి నాకు దొరకలేదు.

చలికాలం ఎంచుకున్నాను. వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లో నిప్పు మీద ఆంక్షలుంటాయి, ఎండు గడ్డి పక్కన ఈ పొయ్యి ఆలోచనే చేయకూడదు. పెట్టె-ఒకటి మొత్తం ఆ రోజుకే దాచాను.

రెండు లెక్కలు పక్కపక్కన రాసుకున్నాను, కవర్ల మీది కిలోకాలరీలు ఒకవైపు, అప్పటిదాకా వాడిన మొత్తం బిళ్ళలు ఇంకోవైపు:

1. పొద్దున ఇంటి పెరట్లో: ముయెస్లీ, తీపి బిస్కెట్లు, చాక్లెట్ పాలు. 640. బిళ్ళలు 1.
2. నడుస్తూ: పండ్ల గుజ్జు, ఒక చాక్లెట్ బార్. 290 (మొత్తం 930). బిళ్ళలు 1.
3. మధ్యాహ్నం నోరూజ్ దగ్గర: పాటే, ఉప్పు బిస్కెట్లు, క్రియోల్ పంది మాంసం, చీజ్. 1,070 (2,000). బిళ్ళలు 3.
4. నడుస్తూ: నూగా, కారమెల్, మిగిలిన చాక్లెట్. 420 (2,420). బిళ్ళలు 3.
5. రాత్రి, రైల్లో తిరిగొచ్చి పెరట్లో: సూప్, కసూలే, చాక్లెట్ క్రీమ్. 670 (3,090). బిళ్ళలు 6.
6. మిగిలిన చక్కెర, పొడులు: 110 (3,200).

నోరూజ్ సముద్ర మట్టానికి 189 మీటర్ల ఎత్తున ఉంది. కాలువలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. కొండల మీంచి మళ్ళించి తెచ్చిన నీళ్ళు ఇక్కడ రెండుగా చీలి, ఒకవైపు అట్లాంటిక్ దిశగా, ఇంకోవైపు మధ్యధరా దిశగా పోతాయి. 17వ శతాబ్దంలో పియేర్-పోల్ రికే ఈ లెక్క పట్టుకోబట్టే కాలువ సాధ్యమైంది. కంకర నేల చూసుకుని, రేకు గోడ కట్టి, పొయ్యి వెలిగించాను.

అక్కడ ఇంట్లో కనిపించని ఇబ్బంది ఒకటి బయటపడింది. సంచిలో ఉన్న ట్రే 9 డిగ్రీలకు దిగిపోయింది. పెరట్లో 19 నుంచి మొదలైన లెక్క ఇక్కడ పని చేయలేదు. రెండు బిళ్ళలు కాలాక 52 దగ్గర ఆగింది. తినడానికి ఇబ్బంది లేదు. క్రియోల్ సాస్ కొంచెం తీపి, కొంచెం పులుపు, పలచగా ఉంటుంది కాబట్టి 52 దగ్గర కూడా రుచి పోలేదు. నా మార్కు 7. కానీ ఆ చలిలో వేడి కాఫీ కోసం ప్రాణం లాగింది, బిళ్ళలు చూస్తే రాత్రికి సరిపడా 3 మాత్రమే ఉన్నాయి. కాఫీ పొడి చల్లటి నీళ్ళలో కలుపుకుని తాగాను. ఆ రోజంతటిలో ఓర్చుకోలేకపోయింది అదొక్కటే.

ఉప్పు సంగతి కూడా మారిపోయింది. ఇంట్లో ప్రతి ట్రే పక్కన “ఉప్పు ఎక్కువ” అని రాసుకున్నాను. 27 కి.మీ. నడిచి రాత్రి కసూలే తిన్నప్పుడు ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇంట్లోనే ఉన్న మా ఆవిడకి అదే ట్రేలోంచి రెండు స్పూన్లు పెట్టాను. తను మళ్ళీ ఉప్పు ఎక్కువనే రాసింది. చెమటతో పోయిన ఉప్పును పూడ్చడానికి చేసిన వంటకాన్ని, చెమట పట్టని నాలుక తప్పు పడుతుంది. ఇద్దరి కాగితాలూ నిజమే చెబుతున్నాయి, అందుకే రెండూ ఉంచుతున్నాను.

చెత్త: అట్టతో కలిపి 228 గ్రా. ట్రేలు కడిగి రీసైక్లింగ్ డబ్బాలో వేశాను.

దశ 9: మార్చిన మార్కులు

ముందు నావి, తర్వాత మా ఆవిడవి. పాటే, బిస్కెట్లు, క్రియోల్ పంది మాంసం నేనొక్కడినే లెక్కలో తీసుకున్నాను.

- కసూలే, గాలిలో ఒక బిళ్ళ: 3 / 2
- కసూలే, రెండు బిళ్ళలు, రేకు గోడ, కలుపుతూ: 7 / 6
- కసూలే, వేడినీళ్ళ గిన్నె: 8 / 6
- కసూలే, నడిచాక: 9 / 6
- తజీన్: 7 / 8
- సాల్మన్ చేప–అన్నం: 5 / 4
- క్రియోల్ పంది మాంసం, 52 డిగ్రీలు: 7
- పాటే, గది వేడికి: 8
- బిస్కెట్లు విడిగా 3, సూప్‌లో 7

తర్వాతి పెట్టెకు మార్పులు

1. మధ్యాహ్నం ట్రేని తినడానికి గంట ముందు కోటు లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇంట్లో, ఫ్రిజ్‌లోంచి తీసిన ట్రేతో కొలిచాను: గంటలో 9 నుంచి 21కి వచ్చింది. ఒక బిళ్ళ ఇచ్చే వేడిలో ఇది సగానికి దగ్గర, ఖర్చు లేకుండా.
2. పలచని సాస్ ఉన్న వంటకానికి 1 బిళ్ళ, కొవ్వు, గింజలు ఉన్నదానికి 2.
3. అలా మిగిలిన 1 బిళ్ళ మధ్యాహ్నం కాఫీకి. నీళ్ళు 200 కాకుండా 120 మి.లీ. మాత్రమే, మూత పెట్టి. లెక్క ప్రకారం 80 డిగ్రీలకు చేరాలి, కొలిచి రాస్తాను.
4. పొద్దుటి చాక్లెట్ పొడిని చల్లటి నీళ్ళలో బాగా గిలకొట్టి తాగితే ఇంకో బిళ్ళ మిగులుతుందేమో చూడాలి. సీసాలో పోసి ఊపితే గడ్డలు కట్టడం లేదు, అది ఇప్పటికే తేలింది.
5. రేకు గోడకి వంటింటి రేకు రెండో వాడకానికే చిరిగింది. ఓవెన్‌లో వాడే మందపాటి అల్యూమినియం పళ్ళెం అంచులు కోసి కొత్తది చేశాను, 31 గ్రా. ఖర్చు 2 యూరోలు. మొత్తం ఖర్చు ఇప్పుడు 89 యూరోలు.